విప్పని ఇంజను

మొక్కలావిడ బండి మీద మెకానిక్ కన్ను పడి సరిగ్గా మూడు వారాలైంది.

బండంటే కొత్తదేం కాదు. మోటారు సైకిలుకి వెనక రెండు చక్రాలూ, ఓ తొట్టీ బిగించిన మూడు చక్రాల బండి. ఆవిడ దాని మీద ఇల్లిల్లూ తిరిగి పూల మొక్కలు అమ్ముతుంది. బండి వయసు పన్నెండేళ్లు. రంగు వెలిసిపోయింది, సీటుకి రెండు చోట్ల అతుకులు పడ్డాయి. కానీ ఇంజను మాత్రం! లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగినా మెకానిక్ దాన్ని ఒక్కసారి కూడా విప్పింది లేదు. వేళకి ఆయిలు మార్చడం, ఫిల్టరు కడగడం, వదులైతే టకటకలాడే టాపెట్లు సరిచెయ్యడం అన్నీ మెకానిక్ తన చేతుల్తోనే చేశాడు. పెంచినవాణ్ణి నేనే కాబట్టి అది నాదేనని మనసులో ఎప్పుడో రాసేసుకున్నాడు.

తొందరెందుకంటే, మెకానిక్ భార్య కుట్టు మిషన్లు అమ్మేసి బట్టలుతికే మిషన్లు కొంది. ఓ ఆస్పత్రి వాళ్ల దుప్పట్ల పని దొరికింది. ఒకటో తారీకు నుంచి రోజూ పొద్దున ఆరింటికల్లా ఉతికినవి అక్కడుండాలి. ఒక్క రోజు తప్పినా పని ఇంకొకరికి ఇచ్చేస్తామని వాళ్లు ముందే చెప్పేశారు.

"బండి చూశావా?" అని ఆవిడ రోజూ అడిగేది. "చూశాను" అని ఇతను రోజూ చెప్పేవాడు. పాపం, అబద్ధం కాదు.

నెలకోసారి చూపించుకునే రోజున మొక్కలావిడ షెడ్డుకి వచ్చింది.

"అక్కా, ఎదురు కొట్లో వైరు ముక్క ఓ మీటరు పట్టుకురా" అని ఆవిణ్ణి పంపించి, తిరిగొచ్చేలోగా టాపెట్లు రెండూ వదులు చేసేశాడు మహానుభావుడు. ఇంజను ఇంకా వేడిగా ఉండి రెండు వేళ్లు చుర్రుమన్నాయి. అయినా కిక్కురుమనలేదు.

ఆవిడ వచ్చాక స్టార్ట్ చేస్తే టకటకటకమని ఒకటే గోల. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. ఆపరేషను గదిలోంచి బయటికొచ్చిన డాక్టరు కూడా అంత బరువుగా తల ఊపడు.

"ఏమైంది తమ్ముడూ?" అంది ఆవిడ దగ్గరికొచ్చి.

"చెప్పడానికి నోరు రావట్లేదక్కా. క్రాంకు బేరింగు పోయింది. మహా అయితే నాలుగు రోజులు నడుస్తుంది. ఆ తర్వాత నడిరోడ్డు మీద పట్టేస్తుంది."

ఆవిడ మొహం పాలిపోయింది. బండినీ, అతన్నీ మార్చి మార్చి చూసింది. "విప్పకుండానే చెప్పేశావే!" అంది.

"విప్పడం దేనికి? ఈ ఇంజను గురించి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు."

ఆ ఒక్క మాట మాత్రం నిజాయితీగానే అన్నాడు.

ఆవిడ తొట్టి అంచు పట్టుకుని కూలబడింది. అదను చూసి మెకానిక్ పక్కన చేరాడు. "బాధపడకక్కా. నా స్కూటరుంది, కొని రెండేళ్లు కూడా కాలేదు. ముందర నాలుగు కుండీలు పడతాయి. అది నువ్వు తీసుకుని ఈ ముసలిదాన్ని నా మొహాన పడెయ్. పాత ఇనుము కిందైనా వదిలించుకుంటాను."

"నీకు నష్టం కదా తమ్ముడూ?"

"తమ్ముడూ అని పిలిచి నష్టం గురించి అడుగుతావేంటక్కా!"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయంత్రానికల్లా కాగితాలు చేతులు మారాయి. మెకానిక్‌కి కాస్త సిగ్గేసిన మాట వాస్తవం. అయితే ఆ సిగ్గు వీధి మలుపు దాకా కూడా రాలేదు.

ఇంటికెళ్లి పది నిమిషాల్లో టాపెట్లు బిగించాడు. గోల ఆగిపోయింది. మునుపటి కన్నా మెత్తగా నడుస్తోంది. ఆహా, ఎవరి చెయ్యి మరి! ఆయిలు చూద్దామని వంగి, మళ్లీ మానేశాడు. తను పోసిందే, మార్చడానికి ఇంకా వెయ్యి కిలోమీటర్లుంది.

"ఈ పాత బండిని నమ్ముకుని ఆస్పత్రి వాళ్లకి సంతకం పెట్టమంటావా?" అంది భార్య.

"నన్ను నమ్మకపోయినా దీన్ని నమ్ము."

"నిన్నెవరు నమ్మార్లే" అని ఆవిడ సంతకం పెట్టేసింది.

ఒకటో తారీకు పొద్దున అయిదున్నరకి దుప్పట్ల మూటలు తొట్టిలోకి ఎక్కాయి. వాటి మీద భార్య ఎక్కింది. మెకానిక్ కిక్కు కొట్టాడో లేదో, స్కూటరు మీద మొక్కలావిడ వచ్చి ఎదురుగా ఆగింది.

"తమ్ముడూ, ఆ రోజు ఈ బండి విషయంలో మోసం జరిగింది. కడుపులో దాచుకోలేక వచ్చాను."

మెకానిక్ ఇంజను ఆపేశాడు. టాపెట్ల సంగతి ఎవడు చెప్పాడో! భార్య మూటల మీంచి ముందుకి వంగింది.

"మోసమా? ఎవరు చేశారక్కా?" అన్నాడు నీరసంగా.

"ఇంకెవరు, నేనే! చిక్కటి ఆయిలు పోయించి, చప్పుడు నొక్కించి, దీన్ని నీకు అంటగడదామనే వచ్చానారోజు. నువ్వు దేవుడివి తమ్ముడూ. అంతా తెలిసి కూడా నీ స్కూటరు తీసి నా చేతిలో పెట్టావు."

"ఏం తెలిసి?"

"ఎంత అమాయకంగా అడుగుతున్నావయ్యా, పోయిన నెల నువ్వు ఊళ్లో లేనప్పుడు ఆయిలు కారిపోయింది చూసుకోక తిప్పేస్తే, క్రాంకు బేరింగు పోయిందని పక్క వీధి మెకానిక్‌కి ఇంజను మొత్తం విప్పితే గానీ తెలియలేదు, నువ్వేమో ఉత్తినే చెవి పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశావు!"