మంచి చర్మం

గంగులమ్మ మలాం ట్యూబును డాక్టరు బల్ల మీదికి విసిరికొట్టింది.

"నా బిడ్డను బతికుండంగానే కాల్చినావు కదా సామీ. ఇది మందా, యాసిడా?"

ఆమె కొడుకు వెంకటముని చొక్కా పైకెత్తి పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. పంచె ముడి పడే చోట, నడుము పక్కన, ఎర్రటి పచ్చిపుండు. రసి కారుతోంది. మందు మొదలుపెట్టేనాటికి అక్కడున్నది పొలుసులు రాలే నల్లమచ్చ ఒక్కటే.

డాక్టర్ సుందరరాజు దొర్లుతున్న ట్యూబును బల్ల మీదే ఆపాడు. ఎంతో ప్రయత్నం మీద మద్రాసు నుంచి తెప్పించిన మందు అది. సగంలో మానేస్తే మచ్చ మళ్ళీ లేస్తుంది, లోలోపలికి పాకుతుంది. అప్పుడిక కత్తి పట్టినా లాభం ఉండకపోవచ్చు. ఆమె చూస్తే కొడుకును ఊరికి తీసుకెళ్ళిపోదామని పలమనేరు బస్సుకు మూటాముల్లె సర్దుకుని మరీ వచ్చింది.

ఏళ్ళ తరబడి బిగించిన పంచె ఒరిపిడికి చర్మం చెడి క్యాన్సరయిందని మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. ఆ మంట, ఆ ఎరుపు మందు పనిచేస్తున్న గుర్తులేనన్నాడు. ఆమె చెవిన పెట్టలేదు. అసలైన మందు సూదిలోనే ఉంటుందని ఆ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు.

"సూదెయ్యి సామీ. అందరికీ ఏస్తావే, మావోడు నీకేం పాపం చేసినాడు?"

"ఇదే మందు సూదిలోనూ ఉందమ్మా. నరానికెక్కిస్తే ఒళ్ళంతా తిరుగుతుంది. వాంతులు, విరేచనాలు, నోటినిండా పుండ్లు. పైనున్న మచ్చకు అంత శిక్ష ఎందుకు? పూస్తే పూసిన చోటే పనిచేస్తుంది."

ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటానని వెంకటముని గొణిగాడు. నోర్మూసుకోమని తల్లి కసిరింది. ట్యూబు తీసి చెత్తబుట్టలో వేయబోయింది.

డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. దాదాపు బతిమాలాడు. "నా మాట నమ్ము. మంచి చర్మాన్ని ఇది ఇట్లా పుండు చెయ్యదు. చెడినదాన్నే వెతికి కాలుస్తుంది. మన కంటికి ఇంకా కనిపించనిదాన్ని కూడా బయటికి లాగుతుంది."

గంగులమ్మ నవ్వింది. దొంగను పట్టుకున్నవాళ్ళు నవ్వే నవ్వు.

"నేనేం ఎర్రిదాన్ననుకున్నావా? వాడి పసితనం నుంచి వాడికేది పెట్టినా ముందు నేను నోట్లో ఏసుకుని సూసినాకే పెట్టినాను. ఈ మందూ అంతే. మొదట చేతికి పూసుకుంటే ఏమీ కాలేదు. సరే, వాడికి పూసే చోటే సూద్దామని దినామూ ఈడ పూసుకున్నాను."

ఆమె నడుము దగ్గర చీర ముడి కిందికి జరిపింది. ముడి పడే చోట, కొడుక్కున్నట్టే, ఎర్రటి పచ్చిపుండు.

"నాకేం రోగముండాదని కాల్చింది సామీ? చెప్పు!"

సుందరరాజు కుర్చీలోంచి లేచి, వంగి ఆ పుండును చూశాడు.

"వెంకటమునీ," అన్నాడు చివరికి, "నువ్వు లేచి మీ అమ్మను కూర్చోనియ్యి."