థైరాయిడ్ అని తేలాక

చోమా పట్టణం ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చదువుతుంటే ముతింత గుండె దడదడలాడింది. కొన్ని నెలలుగా అది అలాగే కొట్టుకుంటోంది. మనిషి చిక్కి సగమైంది, చేతులు వణుకుతున్నాయి. అప్పట్నుంచే భర్త హమూంగా ఆమెతో ఒకే కంచంలో న్షిమా, ఆ మొక్కజొన్న పిండి ముద్ద, తినడం మానేశాడు. పక్క కూడా వేరే గదిలో వేసుకున్నాడు.

"థైరాయిడ్ అతిగా పనిచేస్తోందమ్మా. టీఎస్‌హెచ్ బాగా పడిపోయింది, టీఫోర్ పెరిగింది. మాత్రలతో అదుపులోకి వస్తుంది. హెచ్ఐవీ కూడా చూశాం, లేదు."

బయటికి రాగానే ముతింత భర్త మీద విరుచుకుపడింది. "నాకు ఆ రోగమనేగా ఇన్నాళ్లూ దూరం జరిగావు? ఎవడితో తిరిగాననుకున్నావయ్యా?"

హమూంగా గోడకు చేరగిలబడ్డాడు.

"నిన్నెప్పుడూ అనుమానించలేదు ముతింతా. ఆ రోగం నాకుంది. నీకూ అంటించేశానేమోనని, నీ మొహం చూడలేకపోయాను."