చేతిపట్టీ మోగలేదు

గ్యాసు సిలిండర్లు నింపే ఆ ప్లాంటులో ఇప్పుడు శిక్షణ అంతా ఆటే. పని మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు గోడల్లోంచి ఉత్తుత్తి గ్యాసు వాసన వదులుతారు. ముందుగా ఉరికి వాల్వు మూసినవాళ్ల చేతిపట్టీ టింగుమంటుంది, పాయింట్లు పడతాయి. ఊరికే మూస్తే పాయింట్లు పోతాయి. అవి మరీ తగ్గితే ఉద్యోగమే పోతుంది. అందుకే అక్కడ పనిచేసే పైడితల్లి, ఇంట్లో తాలింపు పెడుతున్నా ఆమె ముక్కు కుదురుగా ఉండదు.

ఆ ఉదయం వాసన అందరికంటే ముందు ఆమెకే తగిలింది. ఒక్క ఉరుకున వెళ్లి వాల్వు మూసేసింది. పట్టీ మోగలేదు. చెవి దగ్గర పెట్టుకుని చూసింది. ఊహూఁ.

"ఓలమ్మో, ఊరికే మూసీసినానేటి?" అంటూ గాభరాగా మళ్లీ తెరిచేసింది.

వాసన గుప్పుమంది. గొట్టం మీద తెల్లగా మంచు పేరుకోసాగింది. ఆటలో మంచు ఎప్పుడూ లేదు. మళ్లీ మూయబోతే వాల్వు బిగుసుకుపోయి తిరగలేదు.

"ఇది ఆట కాదర్రా! నిజం గ్యాసే! బయటికి పారిపోండి!" అని గొంతు చించుకుంది.

షెడ్డులో అందరూ తలలెత్తి చూశారు.

"మమ్మల్ని తరిమేసి పాయింట్లన్నీ నువ్వే కొట్టేద్దామనేటే?"

నవ్వుతూ, ఒకరినొకరు తోసుకుంటూ, అందరూ ఆమె వైపే పరిగెత్తుకొచ్చారు.