నగదు రేటు

"ఇన్సూరెన్స్ మీదైతే ఎంత, చేతిలోంచి కడితే ఎంత?" అని పెద్దాయన రెండోసారి అడిగాడు.

స్కానింగ్ సెంటర్ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. నగదు రేటు అడిగినవాళ్ళకే చెప్పాలన్నది అక్కడి నియమం. అడగనివాళ్ళ దగ్గర నోరు మెదపకూడదు. తలకి ఎం.ఆర్.ఐ. తీస్తే ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్ళే బిల్లు పద్దెనిమిది వేలు. అందులో పదోవంతు, అంటే పద్దెనిమిది వందలు ఆయన కట్టుకుంటే చాలు. నగదుగా అయితే ఆరున్నర వేలు. యంత్రం ఒకటే, తల ఒకటే, రేట్లు మాత్రం రెండు. ఎందుకని అడిగితే ఆ దేవుడికే తెలియాలి.

"మీకు ఇన్సూరెన్సే లాభం," అంది.

"నగదే రాసుకో తల్లీ."

ఆ అమ్మాయికి మతిపోయింది. పద్దెనిమిది వందలతో పోయేదానికి ఆరున్నర వేలు కడతాననేవాణ్ణి ఈ మూడేళ్ళలో చూడలేదు. విడమరచి మళ్ళీ చెప్పింది. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకుని అసలు సంగతి బయటపెట్టాడు. ఆ ఇన్సూరెన్స్ బడివాళ్ళు కట్టేది. దాని మీద స్కాన్ చేయించుకుంటే కాగితాలు తిన్నగా బడి ఆఫీసుకి చేరతాయి. నెల రోజులుగా ఉన్నట్టుండి ఆయన కళ్ళకి చీకట్లు కమ్ముతున్నాయి. రెండు క్షణాలు, మూడు క్షణాలు, అంతే. ఆ ముక్క చెవిన పడితే మర్నాడే ఇంటికి పంపేస్తారు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది, చిన్నమ్మాయి చదువు సగంలో ఉంది.

"నాకు నలభై ఇద్దరు పిల్లలమ్మా," అన్నాడు నవ్వుతూ. "ఎవరి ఇల్లెక్కడో, ఎవరు పొద్దున్నే పేచీ పెడతారో అన్నీ తెలుసు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కరి మీదా గొంతు పెంచలేదు."

ఆమెకి తన తండ్రి గుర్తొచ్చాడు. చేతులు వణుకుతున్నాయని తెలిసిన వారంలోనే, ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సువాళ్ళు పని మాన్పించేశారు. ఆ దిగులుతోనే మంచం పట్టి, ఏడాది తిరక్కుండానే పోయాడు.

"మీరేం బెంగపెట్టుకోకండి మాస్టారూ. నేను చూసుకుంటాను," అంది.

మాస్టారూ అన్న పిలుపుకి ఆయన తల దించుకున్నాడు.

ఆ అమ్మాయి మేనేజరు దగ్గరికి వెళ్ళి, తనకి దూరపు చుట్టమని బొంకి, ఇంకో వెయ్యి తగ్గించింది. డాక్టరు చీటీ మీదున్న బడి ఫోను నంబరు కొట్టేసి ఆయన సొంత నంబరు వేసింది. రిపోర్టు ఆయన చేతికే అందేలా చూస్తానంది. ఫారం చేతికిచ్చి నింపించి, ముందున్న ఇద్దరికి ఏదో సర్దిచెప్పి ఆయన్నే లోపలికి పంపింది.

అరగంట తర్వాత ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. వెనకే టెక్నీషియన్ వచ్చి, డాక్టరుగారు ఒకసారి మాట్లాడాలంటున్నారని, తోడు ఎవరైనా వచ్చారా అని అడిగాడు. పెద్దాయన గడియారం వంక చూశాడు.

"రేపొస్తాను బాబూ. మూడున్నరకల్లా బడి దగ్గరుండాలి. పిల్లలు ఎదురుచూస్తుంటారు."

టెక్నీషియన్ ఇంకా ఏదో అనబోతే ఆ అమ్మాయే అడ్డుపడింది. "పోనివ్వండి, రేపొస్తానంటున్నారుగా."

గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది. ఇన్నాళ్ళకి ఒక మనిషికి అక్కరకొచ్చానన్న తృప్తితో వచ్చి కూర్చుని, ఆయన నింపిన ఫారం కంప్యూటర్లోకి ఎక్కించసాగింది. పేరు, వయసు, చిరునామా అయ్యాయి. తర్వాతి గడి వృత్తి. ఆయన గుండ్రని అక్షరాలతో శ్రద్ధగా రాశాడు.

స్కూలు బస్సు డ్రైవరు.