మాటవరసకి

"రమ్మన్నారు కదా, వచ్చాను" అన్నాడు అతను గుమ్మంలో నిలబడి.

తలుపు తీసినావిడ అతన్ని ఎగాదిగా చూసింది. "ఎవరు రమ్మన్నారండీ?"

"మీ ఆయన. కళ్లద్దాల షాపులో ఆయన క్యాషియరు, నేను వెనక గదిలో అద్దాలు అరగదీస్తాను. 'ఒకసారి మా ఇంటికి రండి సార్' అన్నారు. ఇవాళ సెలవు కదా, వచ్చేశాను."

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆయన... బయటికెళ్లారండీ. ఎప్పుడొస్తారో ఏమో."

"పర్వాలేదు, కూర్చుంటాను."

అతను చెప్పులు విప్పి, జత సరిచేసి గోడవారగా పెట్టాడు. అంత పద్ధతిగా లోపలికి వస్తున్న మనిషిని ఎలా ఆపాలో తోచక ఆవిడ పక్కకి జరిగింది.

ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో ఒకామె కూర్చుని ఉంది. అతన్ని చూసి తల ఊపింది గానీ నవ్వలేదు. అతనికి ప్రాణం కుదుటపడింది. ఎదుటివాళ్లు నవ్వితే తనూ నవ్వాలి. నవ్వడం వరకూ సరే, ఎక్కడ ఆపాలన్నదే అతనికి ఎప్పుడూ అంతుపట్టదు. ఇంటావిడ కిటికీ వైపు ఒక చూపు చూసి, నిట్టూర్చి లోపలికి వెళ్లిపోయింది. వదినా ఆడపడుచులకి పడదు కాబోలు అనుకున్నాడతను.

కాసేపటికి లోపలి గదిలో గుసగుస మొదలైంది.

"మాటవరసకి అన్నానే తల్లీ! అందరితోనూ అంటాం. నిజంగా ఊడిపడతాడని కలగన్నానా?"

"మెల్లిగా! వినబడుతుంది."

"లేనని చెప్పావుగా, పోతాడులే. అతనితో కూర్చుని ఏం మాట్లాడను? నోరు తెరిస్తే అద్దాల గోలే. షాపులో వినేది చాలదా?"

అతనికి అంతా వినబడింది. అతని చెవులే అంత. ఏదీ వదిలిపెట్టవు.

వారమంతా అక్క దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. వెళ్లగానే కులాసా అడగాలి. పిల్లల గురించి అడగాలి. వాళ్లు మాట్లాడుతుంటే అడ్డురాకూడదు. అద్దాల సంగతి మరీ సాగదీయకూడదు. బయల్దేరేటప్పుడు అక్క చొక్కా కాలరు సర్ది, "ఇన్నాళ్లకి నీకంటూ ఒక స్నేహితుడు దొరికాడురా" అని కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు ఇంటికెళ్లి ఆవిడ మొహం చూసి ఏం చెప్పాలి?

నెత్తి మీద ఫ్యాను టకటకమంటోంది. ఒక్కో చప్పుడూ నడినెత్తిన మొట్టినట్టుంది. చెవులు మూసుకోబోయి, నలుగురిలో అలా చెయ్యొద్దని అక్క చెప్పింది గుర్తొచ్చి, తెచ్చిన కానుకని ఒళ్లో పెట్టుకుని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

కిటికీ పక్కనున్నామె లేచి ఫ్యాను ఆపేసింది. "నాకూ పడదు ఈ చప్పుడు" అంది.

సొంతిల్లు కాబట్టి చనువు, అనుకున్నాడు.

"మా క్యాషియర్‌గారు లోపలే ఉన్నారు" అన్నాడు.

"ఉన్నారు."

"మరి లేరని ఎందుకన్నారు?"

"నాకూ అర్థం కాదు" అందామె.

అతను కాస్త తటపటాయించాడు. "నాకు ఆటిజం అండీ. అన్న మాట అన్నంతే అర్థమవుతుంది. దాని వెనక ఇంకోటుంటే తెలీదు."

ఈ మాట చెప్పగానే కొందరు అయ్యో అంటారు. కొందరు పసివాడితో మాట్లాడినట్టు గొంతు పెంచి, మాట మాటా విడదీసి మాట్లాడతారు. ఆమె రెండూ చెయ్యలేదు. "ఒళ్లో ఏంటది?" అంది.

"భూతద్దం. క్యాషియర్‌గారి కోసం నేనే అరగదీశాను."

దాన్ని ఆమె చేతికిచ్చి ఇక చెప్పుకుపోయాడు. మొదట గాజు ఎంత మొరటుగా ఉంటుందో, అరగదీసే పొడి మార్చినకొద్దీ ఎలా నునుపెక్కుతుందో, చివర్న వేలికి తగులుతుంటే నీళ్లని ముట్టుకున్నట్టు ఎలా ఉంటుందో. ఉన్నట్టుండి అక్క మాట గుర్తొచ్చి నోరు మూసేసుకున్నాడు. ఈపాటికి ఎవరైనా సరే ఫోను తీస్తారు, లేదా ఏదో పని గుర్తొస్తుంది.

ఆమె అద్దంలోంచి తన అరచెయ్యి చూసుకుంటోంది. "ఆపేశారేం? అంచుల్లో ఈ రంగులెందుకొస్తున్నాయి?"

అద్దాల గురించి అతన్ని ఇంకో ప్రశ్న అడిగినవాళ్లు లేరు. చెప్పాడు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు అయిపోయాయి. అయిపోతే ఏమైంది? ఊరికే కూర్చున్నారు. నేల మీది ఎండ గోడెక్కింది.

ఇంటావిడ మళ్లీ వచ్చింది. "ఆయనకి ఇంకా ఆలస్యమవుతుందటండీ" అంది నేల చూపులు చూస్తూ.

అతను లేచాడు. చేసింది క్యాషియరు కోసమే కాబట్టి అద్దాన్ని బల్ల మీద పెట్టాడు. పిలిచినవాళ్లకి చెప్పి వెళ్లడం మర్యాద కాబట్టి, మూసి ఉన్న గది తలుపుకేసి తిరిగి, "వెళ్లొస్తానండీ" అన్నాడు. ఇంటావిడ మొహం కందగడ్డయింది.

గుమ్మం దాకా వెళ్లినవాడు ఆగాడు. అక్క నేర్పిన మాటల్లో ఇది లేదు.

"వచ్చేవారం మళ్లీ రావచ్చా?" అన్నాడు కిటికీ పక్కనున్నామెతో. "ఆయన కోసం కాదు. మీతో మాట్లాడ్డానికి."

"వద్దు" అందామె. "ఇక్కడికి రాకండి."

అంతేలే అనుకున్నాడు. ఎవరైనా అంతే. ఈమె ముఖానే చెప్పింది, అదొక్కటే తేడా. చెప్పుల్లో కాలు పెడుతుంటే కుడీ ఎడమా తెలియడం లేదు.

ఆమె కుర్చీ కింద నుంచి సంచీ తీసి భుజాన వేసుకుంది. వచ్చి అతని పక్కనే నిలబడి, తన చెప్పులు వెతుక్కుంది.

"ఇది నా ఇల్లు కాదండీ. ఆయన రమ్మన్నారని నేనూ పొద్దున్నే వచ్చాను."