ఒంటి మనిషికి గది లేదు

“ఒంటి మనిషికి రూము ఇయ్యమప్పా. రూలు.”

ఆధార్ కార్డు తిరిగి ఇచ్చేశాడు లాడ్జి గుమాస్తా కిశోర్.

వెంకటేశప్ప కదల్లేదు. పొద్దున పరగోడులో బయల్దేరి, బాగేపల్లిలో బస్సు మారి గుడిబండకు వచ్చిన మనిషి.

“కొండ చూసేకి వచ్చినా. ఒక్కణ్ణి వస్తే ఏం తప్పు?”

“ఒంటిగా వచ్చినోళ్ళు కొందరు కొండెక్కి దిగి రారప్పా. తర్వాత పోలీసులు మమ్మల్ని అడుగుతారు.”

వెంకటేశప్ప కార్డు జేబులో పెట్టుకున్నాడు. దిగి వచ్చే ఆలోచన అతనికీ లేదు.

భార్య అక్కమ్మ పోయి ఏడాది దాటింది. ‘ఊటీ గీటీ వద్దు, ఖర్చు. గుడిబండ కొండన్నా చూపించు’ అని బతికున్నన్నాళ్ళూ అడిగింది. ‘చెనక్కాయల పంట పెరికినాక చూపిస్తా’ అన్నాడు. ప్రతి ఏడూ అదే మాట అన్నాడు. తనను తాను క్షమించుకునే అలవాటు అతనికి లేదు. ఎదుటివాణ్ణి క్షమించే అలవాటు అసలే లేదు. ‘రెండు దినాలు అట్ల తిరిగొస్తా’ అంటే కోడలు నవ్వు ముఖంతో చిత్రాన్నం కట్టిచ్చింది. ఆ నవ్వు మీద కూడా అతనికి కోపమే.

గోడ పక్క బెంచీ మీద కూర్చున్న మనిషి లేచాడు. మాసిన లుంగీ, చేతిలో గుడ్డసంచి.

“నేనూ ఒంటిగాణ్ణేనప్పా. సీనప్ప అంటారు. అన్నదమ్ములమని రాయించుకుందాం. బాడుగ చెరిసగం. ఇద్దరికీ అగ్గువలో తేలిపోతాది.”

కిశోర్ ఆ మనిషి వైపు చూశాడు. అన్నదమ్ములని రాసుకుని తాళం ఇచ్చాడు.

గదిలో మంచాలు రెండున్నాయి. సీనప్ప మాత్రం తలుపుకు అడ్డంగా చాప పరిచాడు.

“ఆడెందుకప్పా?”

“కింద సందులో చల్లగాలి వస్తాది.”

గడియకు లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

“దొంగలంటే భయమప్పా నాకు.”

నిన్ను మించిన దొంగ ఎవడుంటాడు అనుకున్నాడు వెంకటేశప్ప.

ఆ మనిషి నిద్రపోడు, నిద్రపోనీడు. పట్టుగూళ్ళ ధర, అల్లుడి తాగుడు, మోకాళ్ళ నొప్పి. ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. పలక్కపోతే పిలుస్తాడు.

“అప్పా, ఉండావా?”

“ఉండా. నోరు మూసి పండుకో.”

తెల్లవారి వెంకటేశప్ప కొండెక్కుతుంటే సీనప్ప వెంటే వచ్చాడు. మొదటి మెట్టు దగ్గరే చెయ్యి పట్టుకున్నాడు.

“ఎత్తంటే నాకు కండ్లు తిరుగుతాయప్పా.”

“అట్లైతే ఎందుకొచ్చినావు?”

“ఇంత దూరం వచ్చి కొండ చూడకపోతే నవ్వుతారు.”

కొండ మీది కోట గోడలన్నీ దాటారు. ఆ చెయ్యి ఊడలేదు. పైనుంచి చూస్తే చెరువు మన దేశపటం మాదిరి పరుచుకుని ఉంది. కుర్రాళ్ళు దాన్ని ఫోటోలు తీసుకుంటున్నారు. వెంకటేశప్ప చూపు చెరువు మీద లేదు. గోడ కూలిపోయిన చోట ఉంది.

“నేను అట్ల పోయి నిలబడతా. చెయ్యి ఇడువు.”

“ఇడిస్తే పడిపోతానప్పా.”

“అయితే ఈడ్నే కూచో.”

“ఒంటిగా కూచుంటే ఇంకా భయం.”

“పెండ్లాం బిడ్డలు లేరా నీకు? పోయి వాళ్ళ చేతులు పట్టుకో.”

సీనప్ప నవ్వాడు. వేళ్ళు ఇంకా బిగిశాయి.

వెంకటేశప్ప విదిలించాడు. ఊడలేదు. రక్కాడు. ఊడలేదు.

ఇక గొంతెత్తాడు.

“దొంగ. నా జేబులో చెయ్యి పెట్టినాడు. పట్టుకోండప్పా.”

సీనప్ప కాదనలేదు.

కుర్రాళ్ళు వచ్చి పడ్డారు. వాళ్ళకు విచారణ అక్కర్లేదు. చెంప మీద ఒకడు, వీపు మీద ఒకడు. ఈడ్చుకుపోతుంటే సీనప్ప కాలు జారి మెట్ల మీద దొర్లాడు. చెయ్యి వంకరగా వేలాడింది. లేపి నిలబెడితే, నోట్లో రక్తం ఉమ్మి వెనక్కి తిరిగి అరిచాడు.

“అప్పా, మధ్యాన్నానికి లాడ్జిలో మనిద్దరికీ రాగి ముద్ద చెప్పినా. చల్లారిపోతాది. బిన్నా రా.”

ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు.

వెంకటేశప్ప కూలిన గోడ దాకా నడిచాడు. నిలబడ్డాడు. గాలి పంచెను పట్టి లాగుతోంది.

దొంగ అని తన్నించినవాడికి ముద్ద పెట్టించే మనిషి ఎవడు? పిచ్చివాడా? లేక ఇందులోనూ ఏదైనా మోసం ఉందా?

అది తేల్చుకోకుండా పోవడానికి మనసు ఒప్పలేదు. అడిగేసి మళ్ళీ ఎక్కుదాంలే అనుకున్నాడు. దిగాడు.

లాడ్జిలో బల్ల మీద రెండు కంచాలున్నాయి. రెండు రాగి ముద్దలు, ఉలవసారు. కిశోర్ తల ఎత్తలేదు.

“యాడ ఆ సీనప్ప?”

“చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి ఎత్తుకపోయినారు. మోచెయ్యి విరిగింది. ముందు పన్ను ఊడింది.”

“నా జేబులో ఏమీ పోలేదు,” అన్నాడు వెంకటేశప్ప.

“పోదప్పా.”

“కాదని ఒక్క మాట చెప్పొచ్చు కదా వాడు? యా ఊరు వానిది?”

“ఈ ఊరే.”

“ఈ ఊరోనికి లాడ్జిలో రూమెందుకు?”

కిశోర్ ఒక కంచం అతని ముందుకు జరిపాడు.

“దినామూ ఆ బెంచీ మీద కూచోని, ఒంటిగా వచ్చినోళ్ళ ముఖాలు చూస్తాంటాడు. నీ మాదిరి ముఖం కనపడితే సంచి పట్టుకోని లేస్తాడు. తినప్పా, చల్లారిపోతాది. రాత్రి నీ తలుపుకు అడ్డం పండుకున్నాయన ఈ లాడ్జి ఓనరు.”