ఆ కింది వచనం

రోడ్డుకు అడ్డంగా నలభై ఖాళీ బిందెలు.

వాటిలో ఒకటి మాది. మూతి దగ్గర సొట్ట చూసి దూరం నుంచే గుర్తుపట్టాను.

ఆ బిందె వెనక కూర్చున్నది మా అమ్మ హనుమక్క. ముందు లాఠీ పట్టుకుని నిలబడ్డది నేను, కానిస్టేబుల్ సారా. ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు.

మా స్టేషన్ వేరే మండలంలో ఉంది. విడపనకల్లు వైపు బందోబస్తు అంటే వ్యాన్ ఎక్కి వచ్చాను. మా ఊరికేనని దిగేదాకా ఎవరూ చెప్పలేదు.

మా కాలనీ బోరు మోటారు కాలిపోయి పన్నెండు రోజులైంది. ట్యాంకరు పంపిస్తామన్నారు, పంపలేదు. రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళు అడిగేది ఒక్కటే, మోటారు ఎప్పుడు బిగిస్తారో చెప్పమని.

రాయదుర్గం బస్సు ఆగిపోయింది. జీన్స్ కుట్టే పనికి పోయే ఆడపిల్లలు దిగి, బస్సు నీడలో నిలబడ్డారు.

అమ్మ నన్ను చూసింది. చూడనట్టు తల తిప్పుకుంది. తన వల్ల నా ఉద్యోగం పోతుందని ఆమె భయం. ఆ భయం నాకూ ఉంది, అబద్ధమెందుకు.

మండలం పెద్దసారు, అంటే తహసీల్దారు, జీపు దిగాడు. లాఠీ ఎత్తిస్తే ఫోన్లకెక్కుతుందని ఆయనకు బాగా తెలుసు. అందుకే చర్చి అయ్యగారిని వెంటబెట్టుకొచ్చాడు. కాలనీలో అందరూ చర్చికి పోయేవాళ్ళే, అయ్యగారు చెప్తే లేచిపోతారని ధీమా.

అయ్యగారు మంచివాడే. కానీ చర్చి స్థలం కాగితాలు మూడేళ్ళుగా పెద్దసారు బల్ల మీదే ఉన్నాయి.

ఆయన బైబిల్ తెరిచాడు. అందరూ పై అధికారులకు లోబడి ఉండాలని, వాళ్ళను నియమించింది దేవుడేనని, ఎదిరించేవాళ్ళు దేవుణ్ణి ఎదిరించినట్టేనని రెండు వచనాలు చదివి మూసేశాడు.

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు బిందెలు చంకనెత్తుకున్నారు.

పెద్దసారు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. మా అమ్మ నోరు మామూలు నోరు కాదు. వేరుశనగ చేలో ఆమె ఒక మాట అంటే మేస్త్రీ కూడా పక్క సాలుకు జరుగుతాడు.

"అయ్యగారూ, ఆడ ఆపొద్దు. కింద ఇంకా ఉండాది."

అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. పుస్తకం మాత్రం తెరవలేదు.

అమ్మకు చదువు రాదు. నాలుగో తరగతి నుంచి నేనే ఆమెకు బైబిల్ వాక్యం చదివి వినిపించేదాన్ని. ఆటకు పోవాలని రెండు వచనాలతో మూసేస్తే ఊరుకునేది కాదు. అధ్యాయం అయ్యేదాకా చెవి పట్టుకుని కూర్చోబెట్టేది.

ఇప్పుడు ఇటు తిరిగి నన్నే చూసింది.

"సారా, నువ్వు చదువు పాపా."

ఎస్సై రామాంజనేయులు గబుక్కున నా పక్కకు వచ్చాడు. ఆమె నాకేమవుతుందని మెల్లగా అడిగాడు. మా అమ్మ అని చెప్పాను. అయితే అస్సలు కదలొద్దన్నాడు.

కదలకపోతే ఉద్యోగం నిలుస్తుంది. కదిలితే ఏమవుతుందో తెలియదు.

కదిలాను.

లాఠీ చంకలో పెట్టుకుని అయ్యగారి ముందు చేయి చాపాను. ఆయన వెంటనే ఇచ్చేశాడు. చేతిలో బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు కూడా.

ఇంకో రెండు వచనాలు కిందికి పోయి, బస్సు దగ్గరివాళ్ళకూ వినపడేట్టు చదివాను. అధికారి నీ మేలు కోసం దేవుడు పెట్టిన పరిచారకుడని ఉంది అక్కడ.

పరిచారకుడంటే ఏందని వెనక నుంచి ఎవరో అడిగారు.

"పనికి పెట్టుకున్న మనిషి," అంది అమ్మ. "చేన్లో నేను ఎట్లనో, ఈడ ఈ సారు అట్ల. సాయంత్రమైతే ఎన్ని సాళ్ళు అయినాయని నన్ను అడుగుతారు. నేనేమన్నా కోపం చేసుకుంటానా? మేమూ అదే అడుగుతాండాం. మోటారు పని యాడికొచ్చింది సారూ?"

చంకనెక్కిన బిందెలు మళ్ళీ కిందికి దిగాయి.

బస్సు నీడలోని ఆడపిల్లలు ఫోన్లు పైకెత్తారు. పెద్దసారు చెమట తుడుచుకుని ఎల్లుండి అన్నాడు. అమ్మ ఆ ముక్క కాగితం మీద రాయించి, సంతకం పెట్టించుకున్నాకే లేచింది. ఆమె కూతుర్నని ఆ రోడ్డు మీద అరిచి చెప్పాలనిపించింది నాకు.

అన్న రోజుకే మోటారు వచ్చింది.

నా మెమో కూడా ఆ రోజే వచ్చింది. డ్యూటీలో, యూనిఫాంలో ఉండి మతగ్రంథం చదివినందుకు వారంలోగా సంజాయిషీ ఇవ్వాలట.

సెలవు పెట్టి ఇంటికి పోయి అమ్మకు చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను.

నా పేరు ఎక్కడుందని అడిగింది. చూపించాను. దాని మీద వేలు పెట్టి చూసుకుంది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఆమె మొహం అంత వెలగలేదు.

తర్వాత బైబిల్ తెచ్చి, ఆ పేజీ తీయమంది. మెమోను నాలుగు మడతలు పెట్టి అందులో ఉంచింది.

"నాకు చదువు రాదు కదా," అంది. "యాడ ఆపకూడదో అయ్యగారికి చూపించల్లంటే గుర్తు ఉండల్ల."

సంజాయిషీ రాయడానికి ముందే జిరాక్స్ తీసుకున్నాను. అసలుది ఆమె దగ్గరే ఉంది.

ఆదివారం అయ్యగారు ఆ అధ్యాయం చివరిదాకా చదివాడు.